సోంగ్‌క్రాన్‌కి వెళ్తున్న మా చిన్నాకి

చిన్నా,

నువ్వూ మీ ఫ్రెండ్సూ ఏప్రిల్‌లో సోంగ్‌క్రాన్‌కి, అదే థాయ్‌లాండ్ వాళ్ల కొత్త సంవత్సరం నీళ్ల పండక్కి, అక్కడి చియాంగ్ మాయ్ ఊరు వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. మా మేనల్లుడు సొంత జీతంతో విదేశం పోతున్నాడని పక్కింటావిడకి కూడా చెప్పుకున్నాగానీ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నా, సగంలో ఆపకుండా చదువు.

పండగ 13 నుంచి 15 వరకు, రూములు ఇప్పుడే బుక్ చేస్కోండి. ఫోన్‌కి వాటర్‌ప్రూఫ్ పౌచ్ కొనుక్కో. ఎండ మన ఏప్రిల్ ఎండే, టోపీ మర్చిపోకు. వేప్‌లు, అంటే ఈ-సిగరెట్లు, అక్కడ నిషేధం, మీ గ్యాంగ్‌లో ఎవడి దగ్గరున్నా ఇక్కడే పారేయించు.

అసలు సంగతి ఇది: స్కూటర్ అద్దెకి తీస్కోవద్దు. నేను ఆఫీసు వాళ్లతో వెళ్లినప్పుడు మాలో ఒకతను, హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ బండి నడిపేవాడే, షాపులో పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టి స్కూటర్ తెచ్చాడు. పాత ఊరి చుట్టూ కందకం ఉంటుంది, జనం అందులోంచి బకెట్లతో తోడి పోస్తుంటారు, పికప్ ట్రక్కుల మీద డ్రమ్ముల్లో ఐస్‌గడ్డలు వేసిన నీళ్లు. ఆ ఐసు నీళ్లు సరదాగానే పోశారు, సూటిగా మొహం మీద పడ్డాయి, కళ్లు మూసుకుపోయి తడి రోడ్డు మీద బ్రేక్ నొక్కేశాడు. భుజం ఎముక విరిగింది. ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అడిగింది ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అది లేదు, క్లెయిమ్ పోయింది. పాస్‌పోర్ట్ ఏమో షాపులో, బండి డ్యామేజీ కడితేగానీ ఇవ్వనన్నారు, అందరం జేబులు దులిపి కట్టాం. వాళ్లమ్మకి ఫోన్ చేసింది నేనే. ఆవిడ ఏడవలేదురా, "వాడి గొంతు ఒక్కసారి వినిపించమ్మా" అంది అంతే. మీ అమ్మ చేత ఆ మాట అనిపించకు.

ఆ వారాన్ని అక్కడి ప్రభుత్వమే 'ప్రమాదకరమైన ఏడు రోజులు' అంటుంది, రోజూ యాక్సిడెంట్ల లెక్క చెప్తారు, ఎక్కువ మోటార్‌సైకిళ్లవే. ఎర్ర సాంగ్‌థియోలు, అంటే వెనక బెంచీలున్న షేర్ పికప్ బళ్లు, దొరుకుతాయి, లేదా నడవండి. అంబులెన్స్ 1669, టూరిస్ట్ పోలీస్ 1155, ఇప్పుడే సేవ్ చేస్కో.

తిట్టాననుకోకు నాన్నా. వాటర్ గన్‌లు పట్టుకుని ఆడుకోండి, కానీ అదే పండగ అనుకుని వచ్చేయకండి. 13న వాట్ ఫ్రా సింగ్ గుళ్లోని బుద్ధుణ్ని ఊరేగిస్తారు, దారి పొడుగునా జనం గిన్నెల్లో పూలు వేసిన సువాసన నీళ్లు తెచ్చి విగ్రహం మీద చల్లుతారు, తప్పకుండా చూడు. ఇళ్లలో చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతుల మీద నీళ్లు పోసి ఆశీర్వాదం తీసుకుంటారు, మీ గెస్ట్‌హౌస్‌లో పెద్దావిడ ఎవరైనా ఉంటే అడిగి నువ్వూ ఆవిడ చేతుల మీద నీళ్లు పొయ్యి, సంతోషిస్తుంది. భిక్షువుల మీద, ముసలివాళ్ల మీద గన్‌తో కొట్టొద్దు. అమ్మాయిలు భిక్షువుల్ని తాకకూడదు, మీవాళ్లకి ముందే చెప్పు.

ఇన్సూరెన్స్ పేపర్ ఫొటో నాకు వాట్సాప్ చెయ్యి. అక్కడ డబ్బు తక్కువైతే మీ నాన్నని అడగడానికి మొహమాటపడి ఊరుకోకు, అర్ధరాత్రైనా సరే నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త