మోడల్ టీ బాడీకి ‘మోడల్ ఏ’ ఛాసిస్

ప్రశ్న: 1/24 స్కేలు (అసలు కారులో 24వ వంతు) ఫోర్డ్ మోడల్ టీ బొమ్మ కారు బాడీని 1/25 స్కేలు ఫోర్డ్ ‘మోడల్ ఏ’ ఛాసిస్ (అడుగు చట్రం) మీద కూర్చోబెట్టాను. చక్రాలు లోపలికి నొక్కుకుపోయినట్టున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: పొడవు దాదాపు కుదిరిపోతుంది. మోడల్ టీ వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 100 అంగుళాలు, 1/24 స్కేల్లో 105.8 మి.మీ.; ‘మోడల్ ఏ’ది 103.5 అంగుళాలు, 1/25లో 105.2 మి.మీ. చిక్కంతా వెడల్పులోనే. అసలు కార్లు రెండిటికీ చక్రాల మధ్య 56 అంగుళాలే, కానీ మీ ఛాసిస్‌పై అది 56.9 మి.మీ., బాడీకి కావాల్సింది 59.3. ఒక్కో పక్క 1.2 మి.మీ. తక్కువ. 1 మి.మీ. మందం స్టైరీన్ (ప్లాస్టిక్) షీటుకి 0.25 మి.మీ. ముక్క అతికించి, గుండ్రంగా కోసి, ఇరుసుకీ చక్రానికీ మధ్య పెట్టండి. జిగురొక్కటే నిలవదు, విరుగుతుంది. నడిమధ్యన 1 మి.మీ. ఇత్తడి తీగ గుచ్చండి. క్రోమ్ పూతపై ప్లాస్టిక్ సిమెంటు పట్టదు, అతికే చోట గీకేయండి.

ముందు చక్రాల బ్రేక్ డ్రమ్ములు తప్పకుండా తీసేయండి, టీకి అవి లేవు. 1926కి ముందు కారైతే తీగ చువ్వలవి వద్దు, చెక్క చువ్వల చక్రాలే పెట్టండి.

మన జిల్లాల్లో వాన ముసురు పట్టినప్పుడు లాకర్ రంగు (lacquer) స్ప్రే చేయకండి. గాలిలోని తేమకు రంగు తెల్లగా పాలిపోతుంది.