సైనికులు ఒడ్డున పడ్డారా, దిగారా?

సందేహం: రెండో ప్రపంచ యుద్ధం మీద రాస్తున్న వ్యాసంలో "1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైనికులు నార్మండీలో ఒడ్డున పడ్డారు" అని రాశాను. తప్పని మిత్రుడొకరు అన్నారు. ఒడ్డెక్కారు అనాలా? దిగారు అనాలా?

సమాధానం: మీ మిత్రుడి మాటే సరైనది. ఒడ్డున పడటం, గట్టెక్కడం అంటే ఇప్పుడు మనకు కష్టం తీరడమే. అప్పు తీర్చేసినవాడు ఒడ్డున పడతాడు. దాడికి వచ్చిన సైనికుడికి మాత్రం అసలు కష్టం మొదలయ్యేది ఒడ్డు దగ్గరే. ఆ ఉదయం నార్మండీ తీరంలోని ఒమాహా బీచ్‌లో మొదటి వరసలవాళ్లు ఎంతోమంది పడవ ముందు తలుపు తెరుచుకోగానే తూటాలకు బలైపోయారు. వాళ్లు ఒడ్డున పడ్డారని చదివితే మనసు చివుక్కుమంటుంది. ఒడ్డెక్కారు అన్నా ఆ ఛాయ కొంత ఉంటుంది.

"దిగారు" అనండి. అయితే ఎక్కడ దిగారో కూడా చూసుకోవాలి. పడవ దిగడం వేరు, ఒడ్డున దిగడం వేరు. 1943 నవంబరులో పసిఫిక్‌లోని తరావా దీవి దగ్గర నీటిమట్టం అనుకున్నంత పెరగలేదు. పడవలు పగడపు దిబ్బ దాటలేక ఆగిపోయాయి. ట్యాంకులా పట్టాల మీద నడిచే వాహనాలు దిబ్బ దాటగలిగాయి గానీ, అవి సరిపడా లేవు. చాలామంది అమెరికన్ మెరైన్లు అక్కడే పడవ దిగి, కాల్పుల మధ్య వందల గజాలు నీళ్లలో నడిచారు. వాళ్లు "ఒడ్డున దిగారు" అని రాస్తే ఆ నడకంతా వాక్యంలోంచి ఎగిరిపోతుంది.

నార్మండీ లెక్కకూ ఈ జాగ్రత్త కావాలి. మొదటి రోజు సుమారు 1,56,000 మంది దిగారనడం ఒప్పే. అందరూ పడవల్లోంచే దిగారంటే తప్పు. దాదాపు 23 వేల మంది పారాచూట్లతో, ఇంజన్ లేని విమానాలైన గ్లైడర్లలో ఆకాశం నుంచి దిగినవాళ్లు.

సన్నాహాల గురించి రాసేటప్పుడు "దింపు", "ఎక్కించు" వాడండి. అక్కడ కర్త పథకం వేసినవాళ్లు. ఓడలో సామాను ఎక్కించడానికీ వాళ్లకో పద్ధతి ఉంటుంది: ఒడ్డున ముందు కావలసినవి చివర ఎక్కిస్తారు, అప్పుడే అవి ముందు దింపడానికి అందుతాయి. "జూన్ 5న దిగాలనుకున్నారు" అంటే నిర్ణయం సైనికులదే అనిపిస్తుంది. మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: "మిత్రరాజ్యాల సేనాధిపతి ఐసన్‌హోవర్ జూన్ 5న సేనలను దింపాలనుకున్నారు. వాతావరణం బాగాలేక ఒక రోజు వాయిదా వేశారు. 6న సైనికులు నార్మండీ తీరాన దిగారు."