గ్రహణం నాడు బయట తిరిగినందుకేనా బిడ్డ పాదాలు వంకర పోయినయి?

చెల్లె, పుట్టి నెల నిండని నీ బిడ్డకు రెండు పాదాలు లోపలికి తిరిగి ఉన్నయని, ఏడో నెల కడుపుతోని గ్రహణం నాడు బయటికి పోయినందుకే ఇట్లయిందని అత్తగారింట్ల అంటున్నరని రాసినవ్. నీ తప్పు ఏం లేదు. పరకాలల మా కొడుకు పుట్టినప్పుడు నన్ను గూడ ఇదే మాటన్నరు, నెల రోజులు ఏడ్చిన.

కాళ్లు ఏడో నెలల తయారు కావు. కడుపుల నిలిచిన నాలుగో వారం ఆఖరుకు నడుము కింద చిన్న మొగ్గ లెక్క మొదలైతయి, చేతుల మొగ్గలు వచ్చిన ఒకటి రెండు రోజులకు. తర్వాత పాదం తెడ్డు లెక్క అయితది, వేళ్ల నడుమ ఉన్న కణాలు వాటంతట అవే చనిపోయి వేళ్లు విడిపోతయి. ఎనిమిదో వారం ఆఖరుకల్ల తొడ, మోకాలు, అయిదు వేళ్లు అన్నీ ఉంటయి. ఇంకో సంగతి డాక్టరమ్మ బొమ్మ గీసి చూపెట్టింది. ఆ రోజులల్ల ఏ బిడ్డకైనా అరికాళ్లు ఒకదానికొకటి ఎదురుగనే ఉంటయట, మెల్లమెల్లగ సక్కగయితయట. అది విన్నంక నా గుండె బరువు సగం దిగింది. వెయ్యి మందిల ఒకరికి అటూఇటుగ ఇట్ల పుడుతరు, మగపిల్లలు ఎక్కువ.

నూనె పెట్టి రుద్దితే సక్కగయితదని ఒకాయన చెప్తే మేం నెలన్నర పోగొట్టుకున్నం. నువ్వు ఆ పని చెయ్యకు, ఈ వారమే ఎముకల డాక్టర్‌కు చూపెట్టు. పొన్సెటి పద్ధతి అని అడుగు. అమెరికాల అయోవాల పనిచేసిన పొన్సెటి అనే డాక్టర్ తెచ్చిన పద్ధతి అది. వారానికోసారి పాదాన్ని చేత్తోని కొద్దికొద్దిగ తిప్పి, వేళ్ల కాణ్నుంచి తొడ మొదలు దాక పిండికట్టు వేస్తరు. మావోనికి ఆరు కట్లు పడ్డయి. ప్రతి సోమవారం పొద్దుగాల బస్సుకు హన్మకొండ పోయెటోళ్లం. కట్టు వేసిన రాత్రి బొటనవేలు గోరు నొక్కి ఇడిచేదాన్ని. తెల్లబడి మళ్ల ఎర్రగయితే నెత్తురు ఆడుతున్నట్టు. వేళ్లు నీలంగ, సల్లగ అయితే తెల్లారేదాక ఆగొద్దు.

ఆఖర్ల మడమ ఎనక నరాన్ని కొంచెం కోసిన్రు. నరం అంటం గని అది నరం కాదు, పిక్క కండను మడమకు కట్టిపెట్టే తాడు. మూడు వారాలల్ల అదే అతికి, పొడుగైతది.

అసలు కష్టం అటెన్కనే. నడుమ కమ్మీతోని కలిపిన బూట్ల జత మూడు నెలలు రోజుకు 23 గంటలు, తర్వాత నిద్రల మాత్రం నాలుగేండ్లు వచ్చేదాక. పోరడు ఏడుస్తున్నడని మా అత్తమ్మ జాలిపడి రాత్రులు ఇప్పేది, నేను చూసీచూడనట్టు ఊకున్న. ఏడాదిన్నరకు ఒక పాదం మళ్ల లోపలికి తిరిగింది, ఇంకో రెండు కట్లు పడ్డయి. మీ ఇంట్ల పెద్దోళ్లకు ముందే చెప్పిపెట్టు. మా బూట్లకు మడమ కాడ చిన్న బొక్క ఉండె. పట్టీ బిగించినంక అండ్ల నుంచి మడమ కనబడాలె. కనబడకపోతే పాదం పైకి జారినట్టే, ఇప్పి మళ్ల తొడగాలె.