గుమ్మం దగ్గర కాలిపర్ విప్పమంటే

ప్రశ్న: నా వయసు 44. గుంటూరు జిల్లాలో ఉపాధ్యాయురాలిని. రెండో ఏట పోలియో సోకి కుడికాలు చచ్చుబడింది. తొడ నుంచి పాదం దాకా ఉండే, బూటుకు బిగించిన కాలిపర్‌తో నడుస్తాను. మొన్న మా ఆడపడుచు ఇంటి గృహప్రవేశంలో ఒక పెద్దాయన "చెప్పులు బయటే విడవాలమ్మా" అని గట్టిగా అనడంతో, అందరూ చూస్తుండగా కాలిపర్ విప్పి, మా అబ్బాయి భుజం పట్టుకుని లోపలికి వెళ్లాను. మా అత్తగారు "పోనీలే, అరగంటేగా" అన్నారు. పైగా రెండేళ్లుగా నా ఎడమకాలు కూడా త్వరగా అలసిపోతోంది. ఇలాంటి శుభకార్యాలకు వెళ్లడం మానేయమంటారా?

జవాబు: శుభకార్యాలు మానకండి, కాలిపర్ విప్పి వెళ్లడం మానండి. ఆ పెద్దాయనకు బూటు కనిపించింది గాని, దాని ఆధారంతో నిలబడుతున్న కాలు కనిపించలేదు. తొడ కండరాలకు బలం లేనప్పుడు మోకాలు ఉన్నట్టుండి మడుచుకుపోకుండా ఆపేది కాలిపర్‌కు ఉండే లాకే. అది లేకుండా, నీళ్లూ పసుపూ పడి జారే కొత్త గచ్చు మీద నడవడం ఎంత ప్రమాదమో, పోలియో సోకిన కాలి ఎముక మామూలుగా ఎంత బలహీనంగా ఉంటుందో తెలిస్తే మీ అత్తగారు "అరగంటేగా" అని ఉండేవారు కారు.

ఆయన తీరు వెనుక మరో కారణం కూడా ఉందనుకుంటాను. మీ చిన్నతనంలో చాలా బడుల్లో కాలిపర్ వేసుకున్న పిల్లలు కనిపించేవారు. 1995లో పల్స్ పోలియో మొదలై, 2011 జనవరిలో హౌరాలో బయటపడినదే మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు కావడంతో (ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది!) ఆ పరికరం క్రమంగా జనం కళ్లకు కొత్తదైపోయింది. వికలాంగులను నలుగురిలో ఉద్దేశపూర్వకంగా అవమానిస్తే 2016 నాటి చట్టం జైలుశిక్ష విధిస్తుంది. అయితే ఇక్కడ జరిగింది తెలియనితనమే కాబట్టి, వెళ్లే ముందే ఇంటివారికి ఫోన్ చేసి "ఇది నా చెప్పు కాదు, నా కాలిలో భాగం, అడుగు శుభ్రంగా తుడుచుకుని వస్తాను" అని చెప్పి ఉంచితే చాలు. గుమ్మం దగ్గర ఆ మాట చెప్పవలసింది మీరు కాదు, వాళ్లు.

పాదం భాగం బూటుకు బిగించకుండా విడిగా ఉండే ప్లాస్టిక్ కాలిపర్ గురించి కూడా తయారుచేసేవారిని అడగండి. మడమ ఎత్తు ఒకేలా ఉంటే దాన్ని వేరే బూట్లలోనూ తొడుక్కోవచ్చు, బూటు విడిచినా కాలిపర్ కాలికే ఉంటుంది. అయితే దాన్ని మడమ ఎత్తును బట్టి అమరుస్తారు గనుక, బూటు విడవగానే ఒళ్లు వెనక్కి వాలినట్టవుతుంది. ప్లాస్టిక్ అడుగు గచ్చు మీద జారుతుంది కూడా. ఇంట్లో వాడతానని ముందే చెబితే, అడుగున రబ్బరు అతికించి, ఎత్తు సరిచేసి ఇవ్వగలరు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఎడమకాలి సంగతి. పోలియో తగ్గిన కొన్ని దశాబ్దాల తరవాత, అప్పట్లో బతికి బయటపడిన నరాలు ఇన్నేళ్లూ మోసిన అదనపు భారానికి అలసిపోయి, బాగుందనుకున్న కాలిలోనూ కొత్తగా నీరసం, నొప్పి మొదలుకావచ్చు. దీన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. దీన్ని తేల్చిచెప్పే ప్రత్యేక పరీక్ష లేదు కాబట్టి, థైరాయిడ్, నడుము దగ్గర నరం నొక్కుకుపోవడం వంటి ఇతర కారణాలు లేవని వైద్యులు ముందుగా రూఢి చేసుకుంటారు. బలం వస్తుందని ఎవరో చెప్పారని సొంతంగా కఠిన వ్యాయామాలు మొదలుపెట్టకండి, అలసట ఇంకా పెరగవచ్చు. పెద్దాసుపత్రిలో పునరావాస వైద్య విభాగానికి వెళ్లి రెండు కాళ్లూ చూపించుకోండి. కొత్త కాలిపర్‌కు కొలతలిచ్చే రోజున, పండుగలకు కట్టే చీరలోనే వెళ్లండి. లాకు రింగు కుచ్చిళ్లలో చిక్కుకుంటోందేమో తయారుచేసేవారికి అప్పుడే కనిపిస్తుంది.