కరేబియన్ సెలవుల్లో మంచి భోజనం కావాలంటే ట్రినిడాడ్‌కే వెళ్లండి

అమ్మానాన్నలను వెంటబెట్టుకొని డిసెంబరులో అమెరికా నుంచి కరేబియన్ దీవులకు వెళ్తున్నామని, ఏ దీవిలో భోజనం బాగుంటుందో, పెద్దవాళ్లు శాకాహారులు కాబట్టి వాళ్లకు తినడానికి ఏమైనా దొరుకుతుందో చెప్పమని మీరు అడిగారు. నేను నిస్సందేహంగా ట్రినిడాడ్ పేరే చెబుతాను. తెల్లటి ఇసుక, నీలి నీళ్లు మాత్రమే చాలనుకుంటే ఆ సముద్రంలో ఏ దీవైనా సరిపోతుంది. కానీ మూడు పూటలా ఆనందంగా తినాలంటే అక్కడికి వెళ్లాల్సిందే.

దీనికి కారణం చాలా సులభమైనది. మిగిలిన దీవుల్లో చాలావాటికి పర్యాటకులే జీవనాధారం కాగా, ట్రినిడాడ్‌కు చమురు, సహజవాయువు ఉన్నాయి. అందువల్ల అక్కడ వంట జరిగేది ప్రధానంగా ఆ ఊరి వాళ్ల కోసమే. ఉద్యోగానికి వెళ్లే మనిషి రోజూ కొనుక్కొని తినే తిండికి ధర పెంచినా, రుచి తగ్గినా మరునాడు ఆ బండి దగ్గరకు ఎవరూ రారు. ఇంతకుముందు మేము మరొక దీవిలో భోజనంతో సహా ముందే డబ్బు కట్టించుకొనే హోటల్లో దిగాం. చేతికి పట్టీ కట్టి, ఎంత కావాలంటే అంత తినమన్నారు గానీ, పొద్దున బల్ల మీద ఉన్నవి విదేశాల నుంచి ఓడల్లో వచ్చిన ఆపిల్ పళ్లు, ద్రాక్షపళ్లు. ప్రహరీ గోడ అవతల ఇళ్ల పెరళ్లలో బొప్పాయిలు పండి వేలాడుతున్నాయి. వందల ఏళ్ల పాటు మంచి భూమినంతా చెరుకు తోటలకే ఇచ్చేసిన ఆ దీవులు నేటికీ తినే తిండిలో ఎక్కువ భాగాన్ని దిగుమతి చేసుకుంటున్నాయన్నది నిజమే. అయినా పెరట్లో కాసిన పండును అతిథి పళ్లెంలో పెట్టకపోవడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

ట్రినిడాడ్‌లో మా మొదటి ఉదయం గురించి చెబితే మీకు విషయం పూర్తిగా అర్థమవుతుంది. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు తూర్పున, విమానాశ్రయం నుంచి నగరానికి వచ్చే దారిలో, క్యూరెప్ అనే కూడలి ఉంది. ఇంకా ఎండ ఎక్కకముందే మా అమ్మానాన్నలను తీసుకొని అక్కడికి వెళ్లాను. ఒక బండి చుట్టూ బడిపిల్లలు, ఆసుపత్రి దుస్తుల్లో ఉన్న ఇద్దరు నర్సులు, ఒక పోలీసు నిలబడి అరచేతుల్లో కాగితాలు పెట్టుకొని తింటున్నారు. వాళ్లు తింటున్నది డబుల్స్. మైదాలో పసుపు, ఈస్ట్ కలిపి, అరచేయంత పల్చగా ఒత్తి నూనెలో వేయించిన మెత్తటి బారాలు రెండు, వాటి మీద జారుగా ఉడికిన కాబూలీ శనగల కూర, అంతే. బండి మనిషి బారాలను గుడ్డ పరిచిన ప్లాస్టిక్ పెట్టెలో వేడి తగ్గకుండా దాచుకుంటాడు. ఎడమ చేతిలో బటర్ పేపరు పరిచి, రెండు బారాలను ఒకదాని అంచు మీద మరొకటి వచ్చేలా వేసి, గరిటెడు శనగలు పోసి, ఆపైన చింతపండు పులుసు, దోసకాయ కోరు, పచ్చిమామిడితో చేసే కుచెలా, చివరగా మిరపకాయ కారం చుక్కలుగా వేస్తాడు. ఇదంతా మనం రెప్ప వేసి తెరిచేలోపు అయిపోతుంది. కారం ఎంత వేయాలని అడిగినప్పుడు ‘స్లైట్’ అనండి. అది చాలా ఘాటైన స్కాచ్ బానెట్ మిరపకాయ. గుంటూరు కారం తిని పెరిగిన మా నాన్నగారు కూడా రెండోసారి దాన్ని తగ్గించమనే అడిగారు.

గుడ్డు, నెయ్యి, మాంసం ఏవీ లేవని రెండుసార్లు అడిగి తెలుసుకొన్న తరువాతే మా అమ్మ కాగితం అందుకుంది. మొదటి ముక్క నోట్లో పెట్టుకొని, జీలకర్ర వేయించే వేశారని మెచ్చుకుంది. మేము ఎన్ని తిన్నామో బండాయన మనసులోనే లెక్కపెట్టుకొని, మేము చేతులు కడుక్కున్నాకనే డబ్బు అడిగాడు. ఒక్కొక్కటి అమెరికన్ డాలరుకు కాస్త అటూఇటుగా పడింది. ఆ పూట మేము తిన్నదానితో పోల్చదగిన ఉపాహారం ఆ సముద్రంలోని ఏ పెద్ద హోటలూ పెట్టలేదని నా గట్టి నమ్మకం. పొద్దెక్కేకొద్దీ చాలా బండ్లు సర్దేసుకుంటాయి కాబట్టి హోటల్లో ఉచిత ఉపాహారం ఉందని నిద్రపోయి ఆలస్యంగా లేవకండి.

ఈ రుచి మనకు దగ్గరగా ఉండటానికి చరిత్ర ఉంది. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి చెరుకు తోటల కూలీలను తీసుకొని అక్కడికి చేరింది. 1917 వరకు అలా వెళ్లినవారు 1,40,000 మందికి పైనే. అత్యధికులు నేటి బీహార్, తూర్పు ఉత్తరప్రదేశ్ ప్రాంతాలవారైనా, మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. అందుకే అక్కడి వంటింట్లో పెనం నేటికీ తవానే, జీలకర్ర నేటికీ గీరానే. మన వాళ్లు కొందరు ఇంత దూరం వచ్చి కూడా రైస్ కుక్కర్, పచ్చడి సీసాలు, పులిహోర పొడి పెట్టెలో మోసుకొచ్చి హోటల్ గదిలో వండుకోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. వీధి చివర రోటీ దుకాణం ఉంది, అందులో శాకాహారికి కావలసినవన్నీ ఉన్నాయి.

ఆ దుకాణాల్లో ధాల్‌పురి రోటీ అడగండి. ఉడికించి పొడి చేసిన పసుప్పచ్చని బఠాణీ పప్పును లోపల పెట్టి, మన బొబ్బట్టులాగే పల్చగా వత్తి కాలుస్తారు, తీపి మాత్రం ఉండదు. అందులో శనగలు, బంగాళాదుంప, గుమ్మడికాయ, పాలకూర కూరల్లో మీకు నచ్చినవి వేసి పొట్లంలా చుట్టి ఇస్తారు. ‘బస్ అప్ షట్’ అనే మరో రకాన్ని పెనం మీదే రెండు చెక్క పలకలతో కొట్టి, పట్టులాంటి పొరలుగా విడదీసి పెడతారు. మాంసం తినేవాళ్లు మేక కూర గానీ బాతు కూర గానీ వదలకండి. అయితే కూర గరిటెలు వేరుగా ఉంచమని పెద్దవాళ్ల కోసం ముందే చెప్పండి, విసుక్కోకుండా మార్చి ఇస్తారు.

తీరిక ఉంటే ఒక మధ్యాహ్నం కారులో దక్షిణాన ఉన్న డెబే ఊరికి వెళ్లండి. రోడ్డు పక్కన వరుసగా ఉన్న దుకాణాల్లో చామాకులను పప్పు పిండితో కలిపి వేయించే సహీనా, వంకాయ బజ్జీ అయిన బైగనీ, పప్పు పిండి పునుగుల్లాంటి ఫులౌరీ వేడివేడిగా దొరుకుతాయి. సాయంత్రం నగరంలోని క్వీన్స్ పార్క్ సవానా మైదానం చుట్టూ మొక్కజొన్న సూప్, కొబ్బరిబొండాలు అమ్ముతారు. అక్కడికి రాత్రివేళ నడిచి కాకుండా టాక్సీలో వెళ్లి టాక్సీలోనే రండి.

ఉత్తరాన ఉన్న మరాకస్ సముద్రతీరం గురించి అందరూ చెబుతారు, చెప్పదగినదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్లు కొండల మీదుగా వేసిన రోడ్డులో అక్కడికి చేరాలి. వేయించిన రొట్టె మధ్యలో సొరచేప ముక్క పెట్టి ఇస్తారు, పక్కన గిన్నెల్లో ఉన్న చింతపండు, వెల్లుల్లి, అనాసపండు, కొత్తిమీర కంటే ఘాటుగా ఉండే షాడో బెనీ ఆకు పచ్చళ్లను మనమే వేసుకోవాలి. సొరచేపల సంఖ్య సముద్రాల్లో తగ్గిపోతోంది కాబట్టి నేను అక్కడ కింగ్‌ఫిష్ మాత్రమే తీసుకుంటాను, మీరూ అదే అడగండి.

ఇసుక తీరాల కోసం అదే దేశంలోని మరో దీవి టొబాగోకు విమానంలో వెళ్తే అరగంట కూడా పట్టదు. విమానాశ్రయం పక్కనే ఉన్న స్టోర్ బే తీరంలో స్థానిక మహిళలు నడిపే చిన్న చిన్న వంటిళ్లు వరుసగా ఉంటాయి. పీతల కూర, ఉడికించిన పిండి ముద్దలైన డంప్లింగ్స్ అక్కడి ప్రత్యేకత. మంచి పీతలు ముందే అయిపోతాయి కాబట్టి మధ్యాహ్నం పన్నెండుకల్లా చేరుకోండి. తిరుగు ప్రయాణం ఆదివారం పెట్టుకోకండని మాత్రం చెబుతాను, ఎందుకంటే ట్రినిడాడ్‌లో చాలా రోటీ దుకాణాలు ఆ రోజు మూసి ఉంటాయి. శనివారం పెట్టుకుంటే పొద్దున్నే విమానాశ్రయం దారిలో మరోసారి డబుల్స్ తిని, ఇంటికి నాలుగు ధాల్‌పురి రోటీలు కట్టించుకొని వెళ్లవచ్చు.