చెరువు నీరు, పొరుగువాని చేను, దేవుని తీర్పు

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో కాలువ శివారు గ్రామం. ఆరేళ్ల క్రితం మా రెండెకరాల వరి చేను తవ్వించి రొయ్యల చెరువు చేశాం. పట్టుబడి అయ్యాక చెరువు నీళ్లు పక్కనున్న బోదెలోకి వదులుతాం. దిగువ రైతు చేను రెండేళ్లుగా చవుడెక్కి, నాటిన నారు నిలవడం లేదు. మొన్న ఆదివారం మా సంఘంలో ప్రసంగీకులు ప్రకటన గ్రంథం 11:18 చదివి, సృష్టిని పాడుచేసేవారిని దేవుడు నాశనం చేస్తాడనీ తుపానులు అందుకే వస్తున్నాయనీ చెప్పారు. సంఘ పెద్ద ఒకరేమో ఈ భూమి ఎలాగూ అగ్నికి కాలిపోయేదే, ఆత్మల సంగతి చూసుకోవాలి గాని మట్టి గురించి దిగులెందుకన్నారు. ఎవరి మాట నమ్మాలి? ఈ చెరువు ఆదాయంలోంచి సంఘానికి దశమభాగం, అంటే పదో వంతు కానుక, ఇవ్వవచ్చా?

జవాబు: మీ ప్రసంగీకులు చదివిన వచనం నుంచే మొదలుపెడదాం. పరలోకంలో ఇరవై నలుగురు పెద్దలు సాగిలపడి చేసిన స్తుతిలో చివరి మాట అది: ‘భూమిని నశింపజేయువారిని నశింపజేయుటకును’ సమయం వచ్చిందని వారంటారు. మూలమైన గ్రీకులో రెండుచోట్లా ఉన్నది ఒకే క్రియ, మన తెలుగు అనువాదకులు కూడా దాన్ని అలాగే నిలిపారు. ఆదికాండం 6వ అధ్యాయంలో, జలప్రళయానికి ముందు, భూలోకం చెడిపోయిందనీ మనుష్యులు తమ మార్గాన్ని చెరుపుకొన్నారనీ దేవుడు వారిని నాశనం చేస్తాననీ చెప్పేటప్పుడు హీబ్రూ పాఠం కూడా ఒకే ధాతువును మళ్లీమళ్లీ వాడుతుంది. అంటే ఈ తీర్పు ఎక్కడినుంచో వచ్చి పడే వేరే శిక్ష కాదు, మనిషి చేసిన పనే తిరిగి అతని మీదికి రావడం.

అయితే ప్రకటన గ్రంథకర్త యోహాను ఆ మాట రాసేటప్పుడు అతని కళ్లముందున్నది రొయ్యల చెరువు కాదని నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ గ్రీకు క్రియకు పాడుచేయడమనే కాక నీతి చెడగొట్టడమనే అర్థం కూడా ఉంది. అదే గ్రంథం 19:2లో మహావేశ్య, అంటే యోహాను బబులోనని పిలిచిన నగరం, తన వ్యభిచారంతో భూలోకాన్ని చెరిపిందని చెప్పేది దానికి దగ్గరి క్రియతోనే. యిర్మీయా 51:25 బబులోనును సర్వభూమిని నశింపజేసే పర్వతమని పిలిచింది, యోహాను ఆ బబులోను పేరును తన కాలపు రోముకు పెట్టాడు. ఆ నగరం కూలినప్పుడు వర్తకులు ఏడుస్తూ చదివే సరుకుల పట్టిక 18వ అధ్యాయంలో ఉంది. దాన్ని ఒకసారి మెల్లగా చదవండి. బంగారంతో మొదలై, పట్టుబట్టలు, దంతపు వస్తువులు, విలువైన కర్ర, దాల్చినచెక్క, గోదుమలు, పశువులు, గొర్రెలు దాటుకుంటూ వెళ్లి మనుష్యుల ప్రాణాల దగ్గర ఆగుతుంది. భూమిని సరుకుగా చూడడం మొదలుపెట్టినవాడు ఆ పట్టికను మధ్యలో ఆపలేడని యోహాను ఉద్దేశమని నేననుకుంటాను. కనుక మీ ప్రసంగీకులు ఆ వచనాన్ని సృష్టికి వర్తింపజేయడంలో తప్పు లేదు.

తుపానుల విషయంలో మాత్రం ఆయనతో నేను ఏకీభవించను. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వారు యెరూషలేములోని మిగతావారందరికంటే అపరాధులని తలంచుచున్నారా అని యేసు అడిగి, కాదని తానే జవాబు చెప్పాడు (లూకా 13:4, 5). మన దివిసీమనే చూడండి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేలమందిని ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టింది. పూరిగుడిసెల్లో ఉన్న కూలీలూ చేపలు పట్టుకొని బతికేవారూ భూమిని ఏం నశింపజేశారని చెప్పగలం? కీడు జరిగిన ఇంటి ముందు నిలబడి ఇది తీర్పు అని చెప్పిన యోబు స్నేహితులను దేవుడు మెచ్చుకోలేదని కూడా గుర్తుంచుకోవాలి. మడ అడవులు నరికేస్తే ఉప్పెన దెబ్బ పెరుగుతుందనేది వేరే సంగతి, అది నిజమే. కాని నరికినవాడు ఒకచోట, మునిగినవాడు ఒకచోట ఉండడమే ఇక్కడి అన్యాయం, దేవుడు విచారించేది కూడా దాన్నే.

ఇక మీ సంఘ పెద్ద మాట. 2 పేతురు 3:10లో మన పాత అనువాదం భూమీ దానిమీది కృత్యాలూ ‘కాలిపోవును’ అంటుంది. నాలుగో శతాబ్దానికి చెందిన సీనాయి, వాటికన్ అనే గ్రీకు బైబిలు చేతిరాత ప్రతుల్లో మాత్రం ఆ చోట కాలిపోవడం లేదు, ‘కనుగొనబడును’ అన్న అర్థమిచ్చే మాట ఉంది. చాలామంది పండితులు దాన్నే మూలపాఠంగా తీసుకుంటారు. అప్పుడు ఆ అగ్ని కంసాలి కొలిమిలోని అగ్ని లాంటిదవుతుంది, మనం చేసిన పనుల్లో ఏది నిలుస్తుందో ఏది మడ్డో అది బయటపెడుతుంది. పేతురు పోల్చింది కూడా నోవహు జలప్రళయంతోనే, ఆ నీళ్లు తీశాక నోవహు దిగింది ఈ నేల మీదికే. కొన్ని సంఘాలు ఈ లోకం పూర్తిగా లయమై వేరొకటి వస్తుందని బోధిస్తాయి, వారి విశ్వాసాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాని అదే నిజమనుకున్నా, కౌలు గడువు తీరబోతోంది కదా అని గట్లు తెంపి చేను పాడుచేసి అప్పగించిన కౌలుదారుని ఏ భూస్వామి మెచ్చుకుంటాడు? భూమి నాదే, మీరు నా యొద్ద కాపురమున్న పరదేశులు అని లేవీయకాండం 25:23 చెబుతోంది. ఇశ్రాయేలీయులు ఆ నేలకు ఏడేళ్లకొకసారి ఇవ్వవలసిన విశ్రాంతిని ఇవ్వలేదు. వారు బబులోను చెరలో ఉన్న డెబ్బై ఏళ్లూ నేల తన విశ్రాంతి దినాలను తానే అనుభవించిందని 2 దినవృత్తాంతములు 36:21 అంటుంది. బైబిలులో నేల కూడా తన బాకీ తాను వసూలు చేసుకుంటుంది.

ఈ మాట ఒక్క శాఖది కాదు. ప్రకృతి పట్ల చేసే నేరం పాపమేనని ఆర్థడాక్స్ సంఘాల పెద్ద అయిన కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ బర్తలోమయి 1997లో స్పష్టంగా చెప్పారు, కతోలిక సంఘపు పోప్ ఫ్రాన్సిస్ 2015లో ఈ విషయం మీదనే ఒక విశ్వలేఖ, అంటే సంఘమంతటికీ పంపే బోధన పత్రం, రాశారు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం ఆ బోదె. యెహెజ్కేలు 34లో దేవుడు గొర్రెకూ గొర్రెకూ మధ్య తీర్పు తీరుస్తానంటాడు. నేరం ఏమిటంటే, మంచి నీళ్లు తాగిన బలమైన గొర్రెలు మిగిలినదాన్ని కాళ్లతో కలచివేయడం, వెనక వచ్చినవి ఆ బురదనీళ్లు తాగవలసి రావడం. ఎగువన మీరు, దిగువన ఆ రైతు. ఇందులో నేను కలిపి చెప్పిందేమీ లేదు.

దశమభాగం ఇవ్వవచ్చా అని అడిగారు. చెరువు తవ్వడమే పాపమని నేను చెప్పను, డెల్టాలో వరి ఖర్చులు ఎలా ఉన్నాయో తెలిసినవాడెవడూ అంత తేలికగా చెప్పలేడు. కాని మీ సహోదరునికి మీమీద విరోధమేమైనా ఉన్నదని జ్ఞాపకం వస్తే, అర్పణను బలిపీఠం ముందు విడిచి, మొదట అతనితో సమాధానపడి రమ్మని మత్తయి 5వ అధ్యాయం చెబుతోంది. ముందు ఆ రైతు ఇంటికి వెళ్లండి, ఇద్దరూ కలిసి ఆ చేను గట్టు మీద నిలబడి చూడండి. ఇకముందు నీళ్లు అతని చేనుకు తగిలే బోదెలోకి వదలబోనని మాట ఇచ్చి, వేరే దారి ఏదైనా ఉంటే దాని ఖర్చు మీరే పెట్టుకోండి. పోయిన పంటకు బస్తాల లెక్క కట్టండి. తన పశువును విడిచిపెట్టి ఒకని చేను మేపినవాడు దానికి ప్రతిగా తన చేలలోని మంచిదే ఇవ్వవలెనని నిర్గమకాండం 22:5 చెబుతోంది గనుక, ఆ రైతు చెప్పే లెక్క మీకు కాస్త ఎక్కువగా తోచినా బేరమాడకండి. అది తీరిన తరువాత కానుక కవరు పట్టుకొని గుడికి వెళ్లండి.