తెడ్డు పలక మీద మా పాప నిలబడొచ్చా?

ప్రశ్న: సంక్రాంతి సెలవులకి అండమాన్ వెళ్తున్నాం. అక్కడి హావ్‌లాక్ దీవిలో ప్యాడిల్‌బోర్డింగ్ (పలక మీద నిలబడి తెడ్డు వేస్తూ నీళ్లపై సాగడం) చేస్తానని మా పదేళ్ల పాప ఒకటే పట్టు. దానికి ఈత రాదు. ఒప్పుకోవచ్చా?
– ఓ అమ్మ, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఈత రాకుండా వద్దమ్మా. ఇంకా టైముంది, ఈలోగా మీ దగ్గర్లోని ఈతకొలనులో చేర్పించండి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. పలకకీ కాలికీ కట్టే తాడు కూడా.

నిరుడు అక్కడే నేనూ ఎక్కాను. లేవగానే కాళ్ల వంక చూసుకున్నా, దబ్బున నీళ్లలో పడ్డా. ముందు మోకాళ్ల మీదే ఉండి నాలుగు తెడ్లు వెయ్యాలి. ఆ తర్వాత, పలక మధ్యలో చేతిపట్టు ఉంటుంది చూడండి, దానికి అటొక పాదం ఇటొక పాదం పెట్టి నెమ్మదిగా లేవాలి. మోకాళ్లు కాస్త వంచి, చూపు దూరంగా నిలపాలి. అంతే, పలక కుదురుకుంటుంది!

నాకు అసలు భయం గాలితోనే. ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంటే, నీళ్లు అద్దంలా కనిపించినా పాపని దింపొద్దు. పలకని లోపలికి తోసుకుపోతుంది. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, పగడపు రాళ్లు పైకి తేలి కాళ్లు గీసుకుపోతాయి. మడ అడవుల వైపు అసలే వద్దు, అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. జనవరిలో అక్కడ సాయంత్రం 5:30కే పొద్దుగూకుతుంది, అందుకని పొద్దున్నే వెళ్లండి.